గాజు పలక పగిలిన తేదీ

జూన్ 24, మంగళవారం

ఇల్లు కట్టే ముందు నువ్వు మట్టిని అడగలేదు, సిద్ధాంతిని అడిగావు. గేటు ఎటుండాలో, పొయ్యి ఏ మూల పెట్టాలో, ఎటు తల పెట్టి పడుకోవాలో అన్నీ ఇంకొకడిని అడిగి బతుకుతున్న పిరికివాడివి నువ్వు. ఇంట్లో పిల్లకు జ్వరమొస్తే ముందు మెట్లు పగలగొట్టించావు, డాక్టరు దగ్గరికి రెండు రోజులు ఆలస్యంగా వెళ్లావు. నీ భయానికి శాస్త్రం అని పేరు పెట్టుకున్నావు.

హనుమాన్ జంక్షన్ సభలో ఇలాగే మొదలుపెట్టాలి. ఎదురుగా కూర్చున్నవాడి మొహం మీదే. ఆగస్టు పది, ఆదివారం. ‘వాస్తు శాస్త్రమా, వ్యాపారమా’ అని బహిరంగ చర్చ. అవతలి పక్షాన మన వీధి వాస్తు సిద్ధాంతి చిన్నరాయప్పే మాట్లాడతాడట. రానీ.

సాయంత్రం వెనక పోర్షన్ గోడ మీద ఒక గీత చూశాను. ప్లాస్టర్ పగులు.

జూన్ 25

ప్లాస్టరే. ఈ ఏటి ఎండలకు పగిలింది. ఇరవై ఆరేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను, ఆ మాత్రం తెలియదా.

జూన్ 29, ఆదివారం

సభకు నోట్సు. నైరుతి మూల గొయ్యి తవ్వితే ఇంటి యజమాని పోతాడంటాడు చిన్నరాయప్ప. నాలుగేళ్ల కిందట సరిగ్గా ఆ మూలే, వెనక పోర్షన్ గోడకు మూడడుగుల దూరంలో, ఎనిమిదడుగుల లోతున ఇంకుడు గుంత తవ్వించాను. మొదటి గునపం పోటు నాదే. ఫొటో పేపర్లో వచ్చింది. ఇంజినీరు ఈశాన్యం వైపు తవ్వమన్నాడు, స్థలం అటే వాలుగా ఉందట, గోడకు దూరమట. ఈశాన్యం మాట నా దగ్గర ఎత్తొద్దన్నాను. డాబా మీద పడే ప్రతి చుక్కనూ పైపుల్లో తిప్పి నైరుతికే తెచ్చాను. యజమాని పోలేదు. ఇదిగో, బసవపున్నారావు అనేవాడు యాభై మూడేళ్లకు బీపీ తప్ప ఏ రోగమూ లేకుండా ఉన్నాడు. ఊళ్లో నన్ను గొయ్యి మాస్టారు అంటారు. అననీ, నాకది బిరుదు.

వెనక పోర్షన్లో మామిడి తోటల్లో పనిచేసే బుచ్చయ్య కుటుంబం ఉంటోంది. బుచ్చయ్య, అతని భార్య పార్వతి, ఇంటర్ చదివే కూతురు మౌనిక. మా వాళ్లెవరూ తోట కూలీలకు ఇల్లు అద్దెకివ్వరు. నేనిచ్చాను. పార్వతిని మీరు అంటాను. ఇది కూడా సభలో చెప్పవచ్చు. వద్దు, బాగుండదు.

పార్వతి ఏప్రిల్లో ఒకసారి ఏదో అంది. ‘నైరుతిలో గొయ్యి మంచిది కాదంటన్నారు మాస్టారూ’ అని. అరగంట కూర్చోబెట్టి వాస్తు గురించి చెప్పాను. వింది. తల ఊపింది.

జూలై 3, గురువారం

నా భార్య సుభాషిణి నన్నడక్కుండానే నతానియేలు మేస్త్రిని పిలిపించింది. అరవై దాటిన మనిషి, ఈ చుట్టుపక్కల సగం ఇళ్లు ఆయన చేతి మీదుగా లేచినవే. వచ్చి, చెప్పులు విప్పి, గోడ ముందు గొంతుకూర్చుని అడుగు నుంచి పైదాకా చూశాడు. నాకు చెమట పట్టింది. ఉక్కగా ఉంది ఈ రోజు.

గోడకు అడుగున మోకాలెత్తు వరకు చెమ్మ. దాని పైన తెల్లగా ఉప్పు. వేలితో గీస్తే పొడి రాలింది. పగులు ఇటుకల అతుకుల వెంట మెట్లు మెట్లుగా పైకి పోయింది, కింద సన్నగా, పైకి పోయేకొద్దీ వెడల్పుగా. నేను ప్లాస్టర్ అన్నాను.

“ప్లాస్టరు మెట్లెక్కదు మాస్టారూ,” అన్నాడు నతానియేలు. దారానికి కట్టిన ఇనుప గుండు మూల మీదినుంచి వదిలి చూపించాడు. పైన గోడకు ఆనిన దారం కిందకొచ్చేసరికి గోడకు రెండు వేళ్ల దూరంలో వేలాడుతోంది. “మూల బయటికి ఒరుగుతోంది. పైన పట్టే పిల్లర్లు లేవు, ఉత్త ఇటుక గోడల మీద స్లాబు. పునాది కింద నల్లమట్టి. నాలుగేళ్లుగా దానికి నీళ్లు తాపుతున్నారు. మెత్తబడి గోతిలోకి జారుతోంది. గోతిలో రాళ్లు చూడండి, నాలుగడుగులు దిగిపోయాయి. ఆ రాళ్లు పాతాళానికి పోలేదు, మీ పునాది కింద మట్టి వాటి సందుల్లోకొచ్చింది.”

“అంటే నైరుతి అంటారు మీరూ.”

“నాకు నైరుతీ తెలీదు, ఈశాన్యమూ తెలీదు. బాప్టిజం తీసుకున్నప్పుడే దిక్కులన్నీ వదిలేశాను. నీళ్లు పల్లానికి పోతాయని మాత్రం తెలుసు.”

చేయాల్సింది చెప్పాడు. ముందు నీళ్లు ఆపాలి. గది ఖాళీ చేయించి, స్లాబు కుంగకుండా కింద సరివి బాదులు పోటీ పెట్టాలి. మట్టి ఆరాక గొయ్యి పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి పూడ్చాలి. తర్వాత పునాది కింద మూడడుగుల చొప్పున తవ్వుతూ కాంక్రీటు పోసుకుంటూ రావాలి. ఒక్కసారిగా తవ్వితే గోడ కూర్చుంటుందట.

ఆగస్టు పది దాకా ఆగుదామన్నాను. ఆ లోపు ఒక యూట్యూబ్ చానల్ వాళ్లు గుంత వీడియో తీయడానికి వస్తున్నారు. నీళ్లు పడుతూ కనపడాలి.

“గోడకి మీ మీటింగు సంగతి తెలుసా?” అన్నాడు.

చివరికి జేబులోంచి అద్దాల షాపు వాళ్లు పారేసిన సన్న గాజు ముక్క తీసి, పగులుకు అడ్డంగా పెట్టి, రెండు చివర్లా సిమెంటు మెత్తాడు. పెన్సిలుతో తేదీ వేశాడు. “ఇది పగలనంత కాలం గోడ కదల్లేదని లెక్క. పగిలిన పూట మాత్రం ఆ గదిలో మనుషుల్ని ఉంచకండి. మనం అబద్ధమాడతాం, గోడ ఆడుద్ది, గాజు ఆడదు.”

పార్వతి గుమ్మంలో నిలబడి అంతా విన్నట్టుంది. లేదు, లోపల అంట్లు తోముతోంది. వినలేదు.

జూలై 6

వాన. పలక బాగానే ఉంది.

జూలై 7

బాగానే ఉంది.

జూలై 9

బాగానే ఉంది. కాలేజీకి వెళ్లే ముందు ఒకసారి, వచ్చాక రెండుసార్లు చూశాను. ఇది భయం కాదు. పరిశీలన.

జూలై 13, ఆదివారం

చిన్నరాయప్ప ప్రహరీ మీద మోచేతులు ఆనించి పలకరించాడు.

“ఏంటి పున్నారావూ, గోడకి పతకం ఏశావంట?”

“నీ వాస్తుకి చావు ముహూర్తం పెడుతున్నాను, పదో తారీఖున.”

“చావు మాటెందుకులే. నీ గోతిలో పడేది నువ్వైతే పర్లేదు, పక్కన కాపురాలున్నాయి.”

నవ్వుతూనే అన్నాడు. లోపలికొచ్చి నీళ్లు తాగాను. వాడు చెప్పినందుకే ఇప్పుడు గొయ్యి పూడిస్తే రేపు ఊరంతా ఏమంటుంది? నైరుతి దెబ్బ కొట్టింది, గొయ్యి మాస్టారు దిగొచ్చాడు అంటుంది. నేను తిరిగి చెప్పొచ్చిన పదిహేను ఊళ్లలో వాళ్లు మళ్లీ సిద్ధాంతుల గుమ్మాల ముందు నిలబడతారు. ఇది నా ఒక్కడి ఇల్లు కాదు. నాలుగు వారాలు. అంతే.

జూలై 20, ఆదివారం

పొద్దున వాన వెలిశాక పలక మార్చాను. పాతదానికి దుమ్ము పట్టి సరిగా కనపడటం లేదు. మౌనిక పాత ఫొటో ఫ్రేము ఒకటి పెరట్లో పడి ఉంటే దాని అద్దం కోశాను. సిమెంటు సుభాషిణి పూలకుండీలకు తెచ్చిందే. జూలై 3 అని తేదీ వేశాను. మొదటి పలక పెట్టిన తేదీ అదే కదా.

జూలై 21

పాత పలకకు దుమ్ము పట్టలేదు.

రెండుగా పగిలింది. అడ్డంగా, కత్తితో కోసినట్టు. రెండు ముక్కల మధ్య బియ్యపు గింజ పట్టేంత సందు. దాన్ని చూసిన క్షణంలో నాకు మొదట వచ్చిన ఆలోచన లోపల నిద్రపోతున్న వాళ్ల గురించి కాదు. వీధిలో ఎవరైనా చూశారా అని వెనక్కి తిరిగాను. ఇది ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. ఇంకెక్కడా రాయను.

ముక్కలు టేబుల్ సొరుగులో, పరీక్ష పేపర్ల కింద ఉన్నాయి.

కొత్త పలక పగిలితే చెబుతాను. అప్పుడు ఖచ్చితంగా చెబుతాను. ఒకసారి కదిలిన గోడ మళ్లీ నిలకడగా కూర్చోవచ్చు. శాస్త్రీయంగా అసాధ్యం కాదు.

జూలై 22

బాగానే ఉంది.

జూలై 24

బాగానే ఉంది. సిమెంటు నేను సరిగ్గా మెత్తలేదేమో. ఒక చివర వేలితో తడితే ఊగింది. అంటే గోడ కదిలినా అది పగలదు. తెలిసి కూడా సరిచేయలేదు.

జూలై 27, ఆదివారం

చానల్ వాళ్లు వచ్చారు. డాబా మీద డ్రమ్ములతో నీళ్లు గుమ్మరించి, పైపులోంచి గుంతలోకి దూకుతుంటే వీడియో తీశారు. నేను పక్కన నిలబడి మాట్లాడాను. గోడ నా వీపుకు తగులుతోంది. చల్లగా ఉంది. చొక్కా తడిసింది.

మధ్యలో చెక్క గీసే చప్పుడు. కెమెరా ఆపి వెళ్లి చూస్తే బుచ్చయ్య కొడవలితో తలుపు అంచు చెక్కుతున్నాడు. తలుపు పడటం లేదట.

“వానలకు చెక్క ఉబ్బుద్దిలే బుచ్చయ్యా,” అన్నాను.

“ఐదేళ్ల నించి పడతన్నాయి కదండీ వానలు. చెక్కకి ఈ ఏడే తెలిసినట్టుంది.” తల ఎత్తకుండా అన్నాడు.

తలుపు చట్రం ఒక పక్కకు వాలిపోయి ఉంది. అతని భుజం మీదుగా గదిలోకి చూశాను. అటక కింద మంచం. దాని మీద మౌనిక పుస్తకాలు. తలగడకు సరిగ్గా పైన పగులు, లోపలివైపు బయటికన్నా వెడల్పు. అందులో కాగితాలు కూరి ఉన్నాయి. ఒకటి పైకి లాగాను. నాదే. అమ్ముడుపోకుండా మిగిలిన నా వాస్తు పుస్తకం కట్టలు మార్చిలో నేనే పార్వతికిచ్చాను, రసాల గంపల్లో పరుచుకోమని. పద్నాలుగో పేజీ. ‘వాస్తు అనేది భయం మీద కట్టిన ఇల్లు.’

మళ్లీ మడిచి అక్కడే దూర్చాను. జేబులో పెన్సిలు దూర్చి చూస్తే సగం దాకా లోపలికి పోయింది. లోపల తడి. ఏదో కదిలింది, చీమలో మట్టో తెలియలేదు. బయటికొచ్చి మిగతా వీడియో పూర్తిచేశాను.

ఆగస్టు 3, ఆదివారం

సుభాషిణి సొరుగులో ఎర్ర పెన్ను కోసం వెతికి గాజు ముక్కలు పట్టుకొచ్చింది. టేబుల్ మీద పెట్టింది. ఎప్పుడు పగిలిందని అడగలేదు.

“వాళ్లను ముందు హాల్లోకి రమ్మని చెప్పనా?” అంది.

“ఎందుకని అడిగితే?”

“గోడ పడుతుందని చెబుతాను.”

“వారం రోజులు. సభ కానీ. ఇప్పుడు ఖాళీ చేయిస్తే ఆ చిన్నరాయప్పకు పల్లకీ పట్టినట్టే. వాడు చెప్పిందే నేను చేసినట్టవుతుంది.”

ఆమె ముక్కల్ని ఒకదానికొకటి ఆనించి చూస్తూ నిదానంగా అంది. “గొయ్యి తవ్విన రోజు కూడా ఆయన చెప్పిందే చేశారుగా. తిరగేసి చేశారు, అంతే. ఆయన అక్కడ వద్దనకపోతే మీరక్కడ తవ్వేవాళ్లా?”

“నీకు అర్థం కాదు,” అన్నాను.

“నాకు అర్థం కాకపోతే పోనివ్వండి. పార్వతి ఏప్రిల్లో చెప్పినప్పుడు మీకేం అర్థమైంది?”

నైరుతిలో గొయ్యి మంచిది కాదంటన్నారు మాస్టారూ. అంతే కదా అంది?

ఆగస్టు 5

అంతే కాదు. ఈ రోజు క్లాసులో బోర్డు మీద రాస్తుంటే గుర్తొచ్చింది. చాక్‌పీసు చేతిలోనే ఆగిపోయింది.

‘నైరుతిలో గొయ్యి మంచిది కాదంటన్నారు మాస్టారూ. నాకయ్యన్నీ తెలవవు గానీ, నీళ్లు పడ్డప్పుడల్లా గోడలోంచి మట్టి రాలతంది.’

రెండో వాక్యానికి నేనప్పటికే మాట్లాడటం మొదలుపెట్టాను.

ఆగస్టు 8

మధ్యాహ్నం పడక కుర్చీలో కూర్చుంటే వెనకవైపు ‘టక్’ మని శబ్దం. పెన్సిలు విరిగినట్టు. పరుగెత్తాను. పలక బాగానే ఉంది. నేనే వదులుగా అంటించిన పలక, బాగానే ఉండక ఏం చేస్తుంది. మౌనిక గుమ్మంలో నిలబడి నావంకే చూసింది.

“ఏం కావాలి మాస్టారూ?”

“ఏం లేదమ్మా. చదువుకో.”

చదువుకో అన్నాను. ఆ మంచం మీద కూర్చుని చదువుకో అని.

ఎల్లుండే సభ. సోమవారం పొద్దున్నే చెబుతాను. ఒట్టు. ఒట్లు నమ్మని వాడిని, ఒట్టు.

ఆగస్టు 10

సభ బాగా జరిగింది.

ఆగస్టు 11, సోమవారం

వరసగా రాయాలి.

నిన్న నాలుగింటికి వేదిక ఎక్కాను. మూడొందల మంది ఉంటారు. చిన్నరాయప్ప లేచి ఒక్కటే అడిగాడు. “మీ నైరుతి గోడ ఎట్టా ఉంది మాస్టారూ? పదిమందిలో చెప్పండి.” మైకు ముందు అన్నాను, “వెంట్రుక మందం పగులు కూడా లేదు.” చప్పట్లు కొట్టారు. అప్పటికే బయట ఆకాశం నల్లగా ఉంది. జంక్షన్లో లారీలు లైట్లు వేసుకుని పోతున్నాయి. ఫోను జేబులో మోగుతూనే ఉంది, తీయలేదు. తీస్తే ఏం వినాల్సొస్తుందో నాకు తెలుసు. ఆటోలో వస్తున్నంతసేపూ కూడా తీయలేదు. రాత్రి ఆ ఒక్క వాక్యం రాశానే, అప్పటికి అంతా చూసే రాశాను.

నాలుగూ నలభైకి మూల పడిపోయింది. రెండు గోడల పైభాగాలు, సన్‌షేడు, అటక, ఒక మూల స్లాబు. మంచం నేలకు అతుక్కుపోయింది. మంచం కోడు ఒకటి పైకి లేచి ఉంది. తలగడ కనపడలేదు.

వాళ్లు లోపల లేరు.

నిన్న పొద్దున నేను బయల్దేరిన పది నిమిషాలకే చాపలూ స్టవ్వూ పట్టుకుని ముందు వరండాలోకి వచ్చేశారట. సుభాషిణి చెప్పకముందే. ఆమె చెప్పడానికి వెనక్కి వెళ్తుంటే వాళ్లు ఎదురొచ్చారట.

ఇందాక పార్వతి నన్ను శిథిలం దగ్గరికి తీసుకెళ్లింది. మిగిలి నిలబడ్డ గోడ ముక్క మీద, కేలెండరు వేలాడిన చోట, పెన్సిలు గీతలు. ఒక్కో గీత పక్కన తేదీ, అంకె. ఏప్రిల్ 11, రెండు. మే 30, మూడు. జూలై 20, ఆరు. ఆగస్టు 9, పది. మౌనిక తన స్కేలుతో పగులుకు లోపలి నుంచి కొలిచిన మిల్లీమీటర్లు.

“పదికి చేరితే బయటికి రావాలని నతానియేలు తాతని అడిగి రాసుకున్నాను,” అంది మౌనిక. “మీరే చెప్పారు కదా మాస్టారూ, మా హైస్కూలుకొచ్చినప్పుడు. నమ్మే ముందు కొలవాలని.”

నేను నోరు తెరిచాను. పార్వతి చేయి ఎత్తి ఆపింది.

“మొదట అంటించిన అద్దం మీద మా పిల్ల గోళ్లరంగుతో ఎర్రచుక్క పెట్టుకుందండి. మీరు మార్చినదానికి చుక్క లేదు. ఆ రోజే తెలిసింది మాకు.”

“మరి ఎందుకు అడగలేదు మీరు?”

“అడిగితే మళ్లీ వాస్తు గురించి చెబుతారని.” ఆమె నవ్వలేదు. “మూడు వారాలండీ. రోజూ మూడుసార్లు వచ్చి అద్దం చూసుకుని పోతన్నారు. చెప్తారు, ఇయ్యాల చెప్తారు అని చూశాం. కూలోళ్లకి ఇంకో ఇల్లు దొరకద్దా, అందుకని ఉన్నాం. చెప్తారేమోనని కూడా ఉన్నాం.”

బుచ్చయ్య ఇటుకల మీద కూర్చుని ఉన్నాడు. రెడ్డిగూడెం తోట పని మానుకుని వచ్చాడు. చేతిలో మంచం కోడు ముక్క. దాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఉన్నాడు. నేనక్కడ నిలబడినంతసేపూ ఆ ముక్క మీదినుంచి కళ్లు తీయలేకపోయాను.

ప్రహరీ అవతల జనం. చిన్నరాయప్ప అందరికీ ముందు. “నైరుతి, నైరుతి” అనే మాట వినపడుతూనే ఉంది. చానల్లో నిన్నటి వీడియో అప్పటికే తిరుగుతోంది. వెంట్రుక మందం పగులు కూడా లేదు. నలభై వేల మంది చూశారట.

లోపలికొచ్చి ఈ డైరీ మొదటి పేజీ తిప్పాను. పిరికివాడివి నువ్వు అని ఉంది. ఇంకు కూడా చెదరలేదు.

ఆగస్టు 12, మంగళవారం

నతానియేలు పొద్దున్నే వచ్చి మిగిలిన స్లాబుకు బాదులు పోటీ పెట్టాడు. ముందువైపు గోడల మీద కూడా చేత్తో తట్టుకుంటూ వెళ్లాడు. హాలు మూలలో ఒకచోట ఆగి రెండోసారి తట్టాడు. జేబులోంచి గాజు ముక్క తీశాడు. మౌనికను పిలిచి తేదీ ఆమెతో వేయించాడు.

ఇరవై ఏళ్లుగా మా అధ్యాపకుల సంఘం తరఫున కలెక్టర్లకు, మంత్రులకు, యాజమాన్యాలకు డిమాండ్లు రాసిన చేయి ఇది. ఈ రోజు నాకొక కాగితం అందింది. నోటుబుక్కులోంచి చింపినది, పార్వతి చెబుతుంటే మౌనిక రాసింది. సాయంత్రం ఆరింటికల్లా జవాబు చెప్పాలట. ఇప్పుడు ఐదున్నర. అక్షరం మార్చకుండా దించుకుంటున్నాను.

1. గోతిలోకి నీళ్లు ఈ రోజే ఆపాలి. పైపు వీధి కాలవలోకి తిప్పాలి.

2. మేస్త్రి సరే అనేదాకా పడిన గదిలోకి ఎవరూ వెళ్లకూడదు. మా సామాన్లు మేస్త్రి మనుషులే తీసివ్వాలి.

3. గది మళ్లీ కట్టేదాకా మేం మీ ముందు భాగంలో ఉంటాం. వంట మీ వంటింట్లో చేసుకుంటాం.

4. ముందు హాల్లో పెట్టిన కొత్త గాజును రోజూ మౌనికే చూస్తుంది. మీరు ముట్టుకోకూడదు.

5. గొయ్యి పూడ్చే రోజు చిన్నరాయప్ప గారు గెలిచారని అనేవాళ్లకి, దిక్కు వల్ల కాదు, పునాదికి మూడడుగుల్లో నీళ్లు పోసినందువల్ల పడిందని మీరే చెప్పాలి.

6. అదే చానల్లో, పడిన గోడ ముందు నిలబడి, జూలై 3 నుంచి మీకు తెలుసని చెప్పాలి.

7. పగిలిన మొదటి గాజు ముక్కలు మాకివ్వాలి. అవి పగిలిన తేదీ మీ చేత్తో దాని మీద రాయాలి.

8. అమ్మ మాట్లాడుతుంటే చివరిదాకా వినాలి.